స్టాఫ్ నర్సుల ఇంటర్వ్యూలో కేసు చెప్పి అడగాలంటే ఎట్ల?

మిర్యాలగూడ_అడ్మిన్:
30 బెడ్ల ఆసుపత్రి. క్యాజువాలిటీకి నర్సులు కావాలె. "ఎమర్జెన్సీ వస్తే ఏం చేస్తవమ్మా" అంటే అందరిదీ ఒకటే జవాబు, "డాక్టర్‌కు ఫోన్ చేస్త సార్." కేసు చెప్పి అడిగితే తేలుతదంటున్నరు. ఎట్ల రాయాలె, మార్కులు ఎట్ల వెయ్యాలె?

వార్డు_ఇన్‌చార్జి:
జవాబు తప్పు కాదు సార్, ప్రశ్నలోనే పస లేదు. మీ గేటు ముందుకు వచ్చే కేసే పెట్టండి. వరి పొలాల ప్రాంతం, పాముకాటు తీసుకోండి: "రాత్రి 2 గంటలు. దామరచర్ల దిక్కు నుంచి రైతును తెచ్చిండ్రు. మోకాలి కింద తువ్వాల బిగించి కట్టిండ్రు. మాట్లాడుతుండు. డాక్టర్ వచ్చేసరికి 20 నిమిషాలు. ముందు ఏం చేస్తవు?"

శ్వాస చూసుడు, కనురెప్పలు వాలుతున్నయా చూసుడు, ఐవీ లైన్ (రక్తనాళంలకు మందు ఎక్కించే గొట్టం) పెట్టుడు, రక్తం గడ్డకడుతదా చూసేందుకు 2 ఎం.ఎల్. రక్తం తడిలేని గాజు ట్యూబులో పోసి 20 నిమిషాలు కదపకుండా పెట్టుడు. ఇవి వినపడాలె. కట్టు వెంటనే విప్పేస్త అంటే మార్కు తగ్గించండి. ఆగిన విషం ఒక్కసారే ఒంట్లకు పోతది. లైన్ వేసి, యాంటీ వీనం (పాము విషానికి విరుగుడు మందు) సిద్ధం పెట్టుకొని, డాక్టర్ ఉన్నప్పుడే వదులు చెయ్యాలె.

తర్వాత "ప్లాస్టిక్ ట్యూబే ఉంది, మరి?" అని అడగండి. ప్లాస్టిక్‌లగానీ, సబ్బుతో కడిగిన గాజులగానీ మంచి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. అది విషం పనే అనుకుంటే, అక్కరలేకున్నా యాంటీ వీనం వయల్స్ (మందు సీసాలు) ఎక్కుతయి. ఈ సంగతి చెప్పినోళ్లు పని చూసినోళ్లే.

పాలమూరు_హెచ్ఆర్:
మార్కుల పట్టీ ముందే రాసుకోండి. ఒక్కో అంశానికి 0, 1, 2. రెండు పడాలంటే ఏ మాట రావాల్నో కూడా రాయండి. లేకుంటే గట్టిగ మాట్లాడినోళ్లకే మార్కులు పడతయి. ఇద్దరు కూసోని విడివిడిగ వేసి, ఆఖర్న కలిపి చూసుకోవాలె. కేసు అందరికీ ఒకే మాటల్ల, కాగితం మీద. "బీపీ చూస్తవు కదా?" అని మనమే అందిస్తం, అక్కడే చెడేది. బయటికి పోయినోళ్లు వరండాలనే ప్రశ్న చెప్పేస్తరు, అందుకని ఒకే తీరు బరువున్న కేసులు మూడు పెట్టుకోండి.

ఫార్మసీ_కౌంటర్:
ఒకటి మార్కులు లేకుండ పెట్టండి. "పొటాషియం క్లోరైడ్ 10 ఎం.ఎల్. ఆంప్యూల్ నేరుగ ఐవీ ఇయ్యమని ఫోన్ల చెప్పిండ్రు." ఇస్త అన్నోళ్లను, మిగతాది ఎంత మంచిగ చెప్పినా తీసుకోవద్దు. 15 శాతం ఆంప్యూల్‌ల 20 ఎంఈక్యూ (పొటాషియం కొలత) ఉంటది, నేరుగ పోతే గుండె ఆగుతది. సెలైన్‌ల కలిపి మెల్లగ ఎక్కించాలె.

మిర్యాలగూడ_అడ్మిన్:
ఫ్రెషర్లకు గూడ ఇవే కేసులా?

వార్డు_ఇన్‌చార్జి:
పొటాషియంది అందరికీ. పాముకాటులో ట్యూబు ప్రశ్న తీసెయ్యండి, అది పనిల నేర్చుకునేదే. ఐవీ పెట్టుడు మాత్రం నోటితోటి అడగొద్దు, కాన్యులా (ఐవీ సూది గొట్టం) ఇచ్చి డమ్మీ చెయ్యి మీద పెట్టించండి.