అప్‌డేట్: భరణం డబ్బు ఇప్పుడు మడిగెల (దుకాణాల) అద్దె నుంచి వస్తోంది

గృహహింస చట్టం కింద నెలకు 8,000 ఇమ్మని కోర్టు ఆర్డర్ వేసినా మా ఆయన ఏడు నెలలుగా పైసా ఇవ్వట్లేదని, ఉద్యోగం కూడా మానేశాడని, ఏం చెయ్యాలని ఇక్కడ అడిగాను కదా. సమాధానం చెప్పిన అక్కలకి, అన్నలకి దండాలు.

ఉచిత న్యాయ సహాయం నంబరు 15100కి ఫోన్ చేశాను. న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా ఒక లాయరమ్మను ఇచ్చారు. ఆడవాళ్ళకి దీనికి ఆదాయం లెక్క చూడరట, నాకు అది తెలియనే తెలియదు.

ఆమె ఫైలు చదివి మొదట అడిగిన మాట: "ఆయనకి ఎవరు బాకీ ఉన్నారమ్మా?"

ఆయన పేరున రెండు మడిగెలున్నాయి, కిరాయికిచ్చాడు. 2005 గృహహింస చట్టంలోని సెక్షన్ 20(6) ప్రకారం ఆయన జీతం నుంచే కాదు, ఆయనకి డబ్బు ఇవ్వాల్సిన వాళ్ళ దగ్గర నుంచి కూడా నేరుగా మనకి ఇప్పించవచ్చట. పిటిషన్ వేశాం. కిరాయి అగ్రిమెంట్ నకలు దొరకబట్టడానికే ఎక్కువ తిరిగాను. అది లేకపోతే పని అయ్యేది కాదు, మీరూ ఇలాంటి కాగితాలు ముందే దాచుకోండి.

ఆర్డర్ అందగానే కిరాయిదారు భయపడి ఫోన్ చేశాడు. "అన్నా, కోర్టులో కడితే నీ కిరాయి కట్టినట్టే" అని లాయరమ్మ నచ్చచెప్పింది.

పోయిన నెల మొదటి 8,000 నా ఖాతాలో పడింది. పాప స్కూల్ ఫీజు కట్టేశాను. పాత బాకీ మీద కోర్టు వాయిదా వచ్చే నెల ఉంది.