మైకు ముందు గొంతు పూడుకుపోతోంది, మనసులో సాధన చేస్తే తగ్గుతుందా?

అడిగినవారు: పీచుతాడు

నమస్కారం అండి. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా డ్వాక్రా సంఘంలో పన్నెండు మందిమి కొబ్బరి పీచుతో తాళ్లు, పట్టాలు చేస్తాం. వచ్చే నెలలో అమలాపురంలో కలెక్టర్ గారి ఎదుట సంఘం తరఫున ఐదు నిమిషాలు మాట్లాడమని నన్ను ఎంపిక చేశారు.

పోయిన ఏడాది మండల సమావేశంలో ‘అందరికీ నమస్కారం’ అన్నాక నా గొంతు పూడుకుపోయింది. కాగితం చేతిలోనే ఉంది, అక్షరాలు కనిపిస్తున్నాయి, నోరు పెగల్లేదు. చివరికి మా లీడరు ఆ కాగితం తీసుకుని చదివింది. ఆ రాత్రి అన్నం సహించలేదు.

బాగా మాట్లాడినట్టు, అందరూ చప్పట్లు కొడుతున్నట్టు ఊహించుకోమని మా అబ్బాయి చెప్పాడు. వారం నుంచి చేస్తున్నాను. ఊహలో చప్పట్లు మోగుతున్నాయి కానీ, కళ్లు తెరిస్తే గుండె దడ అలాగే ఉంది. నేను చేసే పద్ధతిలో తప్పుందా?

జవాబు: కోటిపల్లి మృదంగం

చెల్లెమ్మా, ఊహించుకోవడం మంచిదే. చప్పట్లు మాత్రం వదిలేయండి, అవి మీ చేతిలో లేనివి.

నా మొదటి కచేరీకి కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వెళ్తున్నాను. గోదావరి దాటేంత సేపూ మోకాళ్ల మీద వేళ్లతో చప్పుడు లేకుండా వాయించుకున్నాను. గురువుగారు అలా నేర్పారు. మృదంగం గవుసులోంచి తీయడం దగ్గర మొదలుపెట్టాలి. నాదం కోసం నీళ్లు కలిపిన రవ్వ ఎడమ వైపు అద్దాలి. గాయకుడి ముఖం చూడాలి. ‘తాళం తప్పినట్టు కూడా అనుకో, మళ్లీ సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, ఎలా వస్తావో వాయించి చూసుకో’ అనేవారు.

ఆ సాయంత్రం చరణం మధ్యలో రవ్వ ఊడి ఒడిలో పడింది. పంటు మీద ఆ కష్టం ఒకసారి పడి ఉన్నాను కాబట్టి చెయ్యి వణకలేదు. కుడి చేత్తో నడక ఆపకుండా, ఎడమ చేత్తో రవ్వ తీసి మళ్లీ అద్దాను.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈదుతుండగా మైకేల్ ఫెల్ప్స్ కళ్లద్దాల్లోకి నీళ్లు వచ్చి, గోడ కనిపించలేదు. బారలు లెక్కపెట్టుకుంటూ ఈది, ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు. కోచ్ బాబ్ బౌమన్ అతనికి చిన్నప్పటి నుంచే రేసును మనసులో ఈదడం నేర్పాడు, అనుకోని అవాంతరాలతో సహా.

మీరూ కుర్చీలోంచి లేవడం దగ్గర మొదలుపెట్టండి. ‘నమస్కారం’ తరువాత గొంతు ఆగినట్టు కావాలనే ఊహించుకోండి. ఊపిరి వదలండి, ఒక గుక్క నీళ్లు తాగండి, రెండో వాక్యం అందుకోండి. మీకు గట్టి సాధన కావలసిన చోటు అదే.

జవాబు: కాకినాడ లెక్చరర్

మృదంగం గారి మాటకు పరిశోధన కూడా ఉందండి. 1999లో లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ అనే మనస్తత్వ పరిశోధకులు పరీక్షకు ముందు కొందరు విద్యార్థులను మంచి మార్కులు వచ్చినట్టు, మరికొందరిని కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకోమన్నారు. చదువును ఊహించుకున్నవారే ఎక్కువ సేపు చదివారు, మార్కులూ వారికే మెరుగ్గా వచ్చాయి.

జవాబు: పాలకొల్లు పిన్ని

మనసులో అనుకుంటే చాలదమ్మా, నోరు తిరగాలి. నేను మహిళా దినోత్సవానికి మాట్లాడాల్సి వస్తే పది రోజులు కాలువ గట్టు మీద గట్టిగా చెప్పుకున్నాను. పొద్దున నోటితో, రాత్రి మనసుతో చెయ్యి.

పీచుతాడు:

అన్నయ్య గారూ, పిన్ని గారూ, లెక్చరర్ గారూ, మీకు చాలా రుణపడి ఉంటాను. నిన్న అమలాపురం వెళ్లి ఆ హాలు చూసి వచ్చాను. వేదికకు నాలుగు మెట్లు, కుడి పక్క పట్టుకోవడానికి ఏమీ లేదు. మైకు నాకంటే జానెడు ఎత్తులో ఉంది. దాన్ని దించే మర ఎక్కడుందో అక్కడి అబ్బాయి చూపించాడు, రెండుసార్లు తిప్పి చూశాను.

రాత్రి పడుకుని ఆ నాలుగు మెట్లూ ఎక్కాను. మైకు దించుకున్నాను. నమస్కారం చెప్పాక కాగితం జారి కింద పడింది. వంగి తీసుకున్నాను. అందరూ చూస్తూనే ఉన్నారు. ‘మా సంఘంలో పన్నెండు మందిమి’ అని మొదలుపెట్టాను.