నేల గరుకా, ఎగుడుదిగుడా?

ప్రశ్న (అనువాదకురాలు): నేల కొలతల గురించిన చిన్న కరదీపిక ఒకటి తెలుగు చేస్తున్నాను. కొలిచేవారు ప్రతి చోటా రెండు అంకెలు రాయాలి. ఒకటి వాలు, దానితో పేచీ లేదు. రెండోది ‘రఫ్‌నెస్’. నిఘంటువు ‘గరుకుతనం’ అంటోంది. ‘నేల గరుకుతనం కొలవండి’ అని రాసి చదువుకుంటే గరుకు కాగితం పట్టుకుని పొలంలోకి దిగినట్టుంది. ‘నిమ్నోన్నతం’ అందామా?

జవాబు: నిమ్న, ఉన్నత కలిసిన గుణసంధి చక్కగానే ఉంది గానీ, ఎండలో టేపు పట్టుకుని నిలబడ్డ మనిషి నోట ఆ మాట తిరగదండీ. పైగా అది కొండలనూ లోయలనూ తలపిస్తుంది. మీరు కొలిచేది మట్టిగడ్డల్నీ చాళ్లనీ కదా. ‘ఎగుడుదిగుడు’ అనండి.

జవాబు (తెలుగు మాస్టారు): వ్యతిరేక పదాలు పెట్టి చూడండి, చిక్కు దానంతటదే విడిపోతుంది. గరుకుకు ఎదురు మాట నునుపు. ఎగుడుదిగుడుకు ఎదురు మాట చదును. వాలుకు ఎదురు మాట మట్టం. మూడింటికీ మూడు వేరు మాటలున్నాయంటే మూడూ వేరు గుణాలనే అర్థం. గోడకు ఏటవాలుగా ఆనించిన చెక్క చదునుగానే ఉంటుంది, మట్టంగా మాత్రం ఉండదు. అదే చెక్కను చిత్రిక పట్టకపోతే గరుకుగానూ ఉంటుంది. గరుకు చేతికి తెలుస్తుంది, ఎగుడుదిగుడు కాలికి తెలుస్తుంది. (మూలమట్టంలోని మట్టం సంగతి వేరు. అది మూల సరిగా ఉందో లేదో చూసే సాధనం. మనకు కావలసింది, అడ్డంగా సమంగా ఉందో లేదో చూపే రసమట్టంలోని మట్టం.)

జవాబు: ‘నేల చదును చేయించాం’ అన్నప్పుడు వాలు కూడా తీసేశామనే కదా అర్థం! మీరు గీసిన గీత వాడుకలో అంత గట్టిగా లేదు.

జవాబు (తెలుగు మాస్టారు): ఒప్పుకుంటాను. వాడుకలో ఆ రెండూ కలిసిపోతాయి. కొలతలో కలిసిపోతేనే ప్రమాదం.

జవాబు (నేల కొలతల పని చేసేవాడిని): మాస్టారు చివర అన్న మాటే అసలు సంగతి. ఎగుడుదిగుడు కొలవడానికి చవకైన పద్ధతి గొలుసు. మీటరు పొడవున్న సన్నని గొలుసును గడ్డల మీదుగా, గుంటల్లోకి దిగేలా నేలకు అంటించి పరుస్తాం. తర్వాత దాని రెండు కొసల మధ్య తిన్నని దూరం చూస్తాం. 80 సెంటీమీటర్లే వస్తే, మిగతా 20 ఎగుడుదిగుడు మింగేసినట్టు. కొలత 20 శాతం అని రాసుకుంటాం.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కొసల మధ్య దూరాన్ని వాలు వెంబడే కొలవాలి, అడ్డంగా మట్టం చూసి కొలవకూడదు. 30 డిగ్రీల వాలులో పూర్తిగా చదునైన నేల మీద గొలుసు పరిచినా, అడ్డంగా కొలిస్తే 86.6 సెంటీమీటర్లే వస్తుంది. లేని ఎగుడుదిగుడు 13 శాతం పైగా పుట్టుకొస్తుంది! అది వాలు, ఎగుడుదిగుడు వేషంలో వచ్చింది.

గొలుసుకూ లోపాలున్నాయి. గొలుసు లంకె కన్నా చిన్న సందులోకి అది దిగదు. ఒక పెద్ద గడ్డకూ పది చిన్న గడ్డలకూ ఒకే అంకె చూపవచ్చు. అందుకే ఇంకా కచ్చితంగా కావాలంటే ఒక చట్రంలో వరసగా కడ్డీలు నిలిపి నేల మీదికి వదులుతారు. వాటి ఎత్తుల మీదుగా సగటున పోయే గీత ఎటు వంగిందో అది వాలు. ఆ గీతకు అటూ ఇటూ మిగిలిన తేడాల ప్రామాణిక విచలనం (అవి ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) ఎగుడుదిగుడు. ఒకే సాధనం, రెండు మాటలు.

జవాబు: వాలును డిగ్రీల్లో రాయాలా, శాతంలోనా?

జవాబు (నేల కొలతల పని చేసేవాడిని): ఏదైనా సరే, అంకె పక్కన డిగ్రీలో శాతమో రాయండి. 100 శాతం అంటే నిట్టనిలువు అనుకునేవారున్నారు, అది 45 డిగ్రీలే. నీరు పల్లమెరుగు అంటారు గానీ, పారదర్శకమైన గొట్టంలో పోస్తే అది మట్టమూ ఎరుగుతుంది. అడ్డంగా పది మీటర్ల దూరంలో గొట్టం నీరు 40 సెంటీమీటర్ల తేడా చూపిస్తే వాలు 4 శాతం.

జవాబు (కాలువల ఇంజనీరు): గరుకును పూర్తిగా తోసేయకండి. కాలువలో నీటి వేగాన్ని లెక్కగట్టే మ్యానింగ్ సూత్రంలో ప్రవాహాన్ని పట్టి ఉంచే గుణకానికి ఆ మాటే నప్పుతుంది. నున్నటి కాంక్రీటు కాలువకు అది సుమారు 0.012, గడ్డి మొలిచిన మట్టి కాలువకు 0.03 దరిదాపు. అక్కడ నేలను తడిమేది మనం కాదు, నీరు.

ప్రశ్న అడిగినవారు: అయితే నా పట్టికలో ‘వాలు’, ‘ఎగుడుదిగుడు’ అని రెండు గడులు. ‘ఎగుడుదిగుడుతనం’ అనాలా?

జవాబు (తెలుగు మాస్టారు): అది అప్పటికే నామవాచకమమ్మా. తోక అక్కర్లేదు. ‘ఎగుడుదిగుడు ఎంత?’ అని అడిగితే చాలు.