ఊళ్లో ఒంటరిగా ఉంటున్న పెద్దలకు ఫోను ఎంతవరకు తోడవుతోంది? మీ అనుభవాలు చెప్పండి

కోవూరు కోడలు:
మామగారు పోయిన తరువాత మా అత్తగారు కోవూరు దగ్గర పల్లెలో ఒక్కరే ఉంటున్నారు. మేము హైదరాబాదులో, మా ఆడబిడ్డ డల్లాస్‌లో ఉన్నాము. ఇల్లూ పొలమూ వదిలి ఎక్కడికీ రానని ఆమె తేల్చి చెప్పారు. స్మార్ట్‌ఫోను కొనిచ్చాము గానీ, మేము చేసినప్పుడు "అంతా బాగానే ఉంది, మీరు తిన్నారా" అని రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నారు. తనంతట తానుగా ఎవరికీ చేయరు. మీ ఇళ్లలో ఏది నిజంగా పనికొచ్చిందో దయచేసి చెప్పండి.

ఒంగోలు మాస్టారు:
అమ్మా, ముందుగా పక్కన కూర్చుని, ఆమె ఫోను వాడే తీరును గమనించండి. మా అమ్మగారు పేరు మీద వేలు ఆనించి, కాల్ కలిసేదాకా తీయకుండా నొక్కి పట్టుకునేవారు. దాంతో కాల్ వెళ్లకపోగా ఏవేవో మెనూలు తెరుచుకునేవి, చెడిపోయిందనుకుని ఆమె ఫోను పక్కన పెట్టేసేవారు. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కింద ఉండే 'టచ్ అండ్ హోల్డ్ డిలే'ను 'లాంగ్'కు మార్చిన తరువాత ఆ ఇబ్బంది చాలావరకు తగ్గింది. పొలం పనులతో మొద్దుబారి, ఎండిపోయిన వేలికొసలను తెర ఒక్కోసారి గుర్తించదు. చెయ్యి కడుక్కుని తుడుచుకున్న వెంటనే నొక్కితే నయం. చెవి సంగతి ఇంకా ముఖ్యం. వినపడని మాటను మళ్లీ మళ్లీ అడగడానికి మొహమాటపడి చాలామంది పెద్దలు సంభాషణను తుంచేస్తారు. మీ అత్తగారి విషయంలోనూ అదే కారణం కావచ్చు కనుక వినికిడి పరీక్ష చేయించండి.

సింగరాయకొండ అక్క:
"ఎలా ఉన్నారు" అని అడగడానికే చేసే ఫోనులో పెద్దవాళ్లకు చెప్పడానికి ఏమీ ఉండదు. వారికంటూ ఒక పని అప్పగించాలి. మా చెల్లెలి కుటుంబమూ డల్లాస్‌లోనే ఉంది. ఇక్కడ ఉదయం ఏడు గంటలంటే అక్కడ వేసవిలో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, అంటే పిల్లలు పడుకునే వేళ. ఆ సమయానికి మా అమ్మ మనవరాలికి కథ చెబుతుంది. సగంలో ఆపిన కథను మరునాడు ఎక్కడ ఎత్తుకోవాలో వంట చేస్తూ ఆలోచించుకుంటుంది. అయితే నవంబరులో అక్కడ గడియారాన్ని గంట వెనక్కి జరుపుతారు కాబట్టి అదే ఎనిమిదిన్నర మనకు ఎనిమిది అవుతుంది. ఆ సంగతి ముందే చెప్పి ఉంచకపోతే పెద్దావిడ గంటసేపు ఫోను ముందు కూర్చుని కంగారుపడుతుంది.

కావలి వాసి:
ఒంటరిగా ఉన్నవారు ఎవరు పలకరించినా మాట్లాడతారు, మోసగాళ్లకు కావలసిందీ అదే. పోలీసులమంటూ వీడియో కాల్‌లో 'డిజిటల్ అరెస్టు' పేరుతో బెదిరించిన వారి మాటలు నమ్మి మా వీధిలో ఒక రిటైర్డు ఉద్యోగి డబ్బు పోగొట్టుకుని, పిల్లలకు కూడా చెప్పుకోలేక కుమిలిపోయారు. చట్టంలో అటువంటి అరెస్టే లేదని, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాలపై ఫిర్యాదు తీసుకునే 1930 నంబరుకు ఫోను చేయాలని పెద్దలకు ముందే వివరించండి. తెలియని నంబర్ల నుంచి వచ్చే కాల్స్ మోగకుండా చేసే ఏర్పాటు వాట్సాప్‌లో ఉంది. అంతే తప్ప భయపెట్టి అసలు ఫోనే మాన్పించవద్దు.

పొదిలి తమ్ముడు:
నాన్నగారు జారిపడితే తెలుస్తుందని మేము హాల్లో కెమెరా పెట్టించాము. భద్రతకు అది ఉపయోగమే. కానీ రోజూ చూస్తూనే ఉన్నాం కదా అని ఇంట్లో కొందరు ఫోను చేయడం తగ్గించారు. మమ్మల్ని చూసే వీలు ఆయనకు లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఇందుకూరుపేట పెద్దాయన:
నాకు డెబ్బై దాటాయి. మీరందరూ పిల్లలతో మాట్లాడించడం గురించే రాస్తున్నారు. మాకు మా ఈడు వారి మాట కూడా కావాలి. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, ఏటా సుమారు 8,71,000 మరణాలకు దానితో సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2025 జూన్‌లో అంచనా వేసింది కాబట్టి, ఇది ముసలితనపు చాదస్తమని కొట్టిపారేయడం తగదు. మా స్నేహితులం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాము. టైపు చేయడం కష్టం కనుక ప్రతి ఒక్కరూ పొద్దుటే తన గొంతుతో ఒక మాట పంపాలి, గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపకూడదు. టిఫిన్ వేళ దాటినా ఎవరి గొంతూ వినపడకపోతే దగ్గరలో ఉన్నవారు ఆ ఇంటికి వెళ్లి చూసి వస్తారు. జొన్నవాడ కామాక్షమ్మ గుడికి వెళ్లాలన్నా, ఆసుపత్రికి తోడు కావాలన్నా అందులోనే అనుకుంటాము. బటన్ ఫోను మాత్రమే ఉన్నవారు, పిల్లలకు చెప్పుకోలేని బాధ ఉన్నవారు 14567కు చేయవచ్చు. అది వృద్ధుల కోసం పెట్టిన ఉచిత ఎల్డర్‌లైన్, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పలుకుతారు.

కోవూరు అమ్మాయీ, ఈసారి ఊరికి వెళ్లినప్పుడు మీ అత్తగారి ఈడు వారిలో ఎవరెవరికి ఫోను ఉందో కనుక్కుని, వారి ఫోటోలను, నంబర్లను ఆమె ఫోనులో మొదటి తెర మీదే కనపడేలా పెట్టండి. మీ నంబరు వాటి తరువాత ఉన్నా ఫరవాలేదు.