అప్‌డేట్: పాత బైక్ ఇంజన్ విప్పాల్సిన పని పడలేదు

చాలాకాలం మూలన పడి ఉన్న బైక్ కొన్నాను, చోక్ (ఇంజన్‌కి గాలి తగ్గించి పెట్రోల్ పాళ్లు పెంచేది) వేస్తే స్టార్టవుతోంది, తీస్తే ఆగిపోతోంది, ఇంజన్ విప్పించాలా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే ముందు కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి), స్పార్క్ (ప్లగ్ నుంచి వచ్చే నిప్పురవ్వ) చూశాను. రెండూ బాగున్నాయి. సమస్యంతా పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బ్యురేటర్‌లోనే. నిలవున్న పెట్రోల్ ఆవిరైపోయి, మిగిలిన జిగురు పైలట్ జెట్‌ని, అంటే ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోల్ అందించే చిన్న రంధ్రాన్ని, మూసేసింది. ఆ రంధ్రం చాలా సన్నం, గట్టి తీగతో గుచ్చితే పెద్దదైపోతుంది. అందుకే క్లీనర్‌లో నానబెట్టి గాలితో ఊదాను. ట్యాంక్‌లో తుప్పు కూడా వదిలించాను, లేకపోతే జెట్ మళ్లీ మూసుకుపోతుంది. ఇప్పుడు చోక్ లేకుండానే ఇంజన్ నిలకడగా తిరుగుతోంది, ఆ శబ్దం వింటుంటే ఎంత సంతోషంగా ఉందో! టైర్లు పైకి బాగానే కనిపిస్తున్నా రబ్బరు గట్టిపడి పగుళ్లొచ్చాయి. అవి, బ్రేకులు మార్చేదాకా రోడ్డెక్కించను.