అప్‌డేట్: కోళ్ల రెట్టలో సాల్మొనెల్లా బ్యాక్టీరియాని పట్టుకోవడానికి ఏ మీడియా (బ్యాక్టీరియాని పెంచే పోషక పదార్థం)?

రాజేంద్రనగర్‌లోని మా చిన్న ల్యాబ్‌కి షాద్‌నగర్ వైపు ఫారాల నుంచి కోళ్ల రెట్ట శాంపిల్స్ వస్తుంటాయి. వాటికి ఆర్‌వీ బ్రాత్ (సాల్మొనెల్లాని ఎంచి పెంచే ద్రవం) సరిపోతుందా, ఎంఎస్‌ఆర్‌వీ ప్లేట్లు (దాదాపు అదే మీడియా, మెత్తటి జెల్లీ రూపంలో) కూడా పోయాలా అని ఇదివరకు అడిగాను. రెండూ పక్కపక్కన పెట్టి చూడమన్న వాళ్లందరికీ థాంక్స్, అలాగే చేశాం.

ముందు శాంపిల్‌ని బఫర్డ్ పెప్టోన్ వాటర్‌లో (బ్యాక్టీరియా కోలుకుని పెరిగే మామూలు పోషక ద్రవం) 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి, దాంట్లోంచే రెండింటికీ వేశాం. రెట్ట వరకూ ఎంఎస్‌ఆర్‌వీదే పైచేయి. 41.5 డిగ్రీల్లో ఒక రోజు ఉంచితే, చుక్క వేసిన చోటు నుంచి తెల్లటి మసక వలయం పాకుతుంది. దాని అంచు నుంచి లూప్‌తో (చిన్న తీగ ఉంగరం) తీసి ఎక్స్‌ఎల్‌డీ (కాలనీల రంగుతో సాల్మొనెల్లాని గుర్తుపట్టే ప్లేట్) మీద గీస్తే, మధ్యలో నల్లగా ఉన్న ఎర్రటి కాలనీలు శుభ్రంగా విడివిడిగా వచ్చాయి. ఆర్‌వీ నుంచి గీసిన ప్లేట్లలో ప్రోటియస్ (మనకి అక్కర్లేని వేరే బ్యాక్టీరియా) గోల ఎక్కువగా ఉంది. ఒక్క జాగ్రత్త: ఎంఎస్‌ఆర్‌వీ మెత్తటి అగర్, ప్లేట్లు బోర్లించకూడదు.

అయితే ఎంఎస్‌ఆర్‌వీ పట్టేది కదిలే బ్యాక్టీరియానే. ఫౌల్ టైఫాయిడ్ తెచ్చే గాలినారం, కోడిపిల్లల్ని చంపే పుల్లోరం అనే సాల్మొనెల్లా రకాలు అసలు కదలవు, వలయమే రాదు. రైతుకి ఎక్కువ నష్టం చేసేవి అవే! అందుకే చనిపోయిన కోళ్ల కాలేయం వస్తే నేరుగా ప్లేట్ మీద గీసి, సెలెనైట్ సిస్టీన్ బ్రాత్‌లో (సాల్మొనెల్లాని పెంచే మరో ద్రవం) కూడా వేస్తున్నాం. వీటి కాలనీలు చిన్నవి, మధ్యలో నలుపు రాకపోవచ్చు. నలుపు లేదని పారేయకండి, బయోకెమికల్ టెస్టులు, సీరాలజీ (యాంటీబాడీలతో రకం తేల్చే పరీక్ష) చేశాకే నెగెటివ్ అని రాయండి.