శిలాఫలకం మీద తేదీ రోమన్ అంకెల్లో వేయించాలా, వద్దా?

చీమకుర్తి నుంచి:
మా ఊరి హైస్కూలు 15-8-1988న మొదలైంది. అప్పటి ఫలకం పగిలిపోయింది. పూర్వ విద్యార్థులం చందాలేసుకుని మన గెలాక్సీ గ్రానైట్ మీద కొత్తది చెక్కిస్తున్నాం. తేదీ రోమన్ అంకెల్లో ఉంటే హుందాగా ఉంటుందని కొందరు, వద్దని కొందరు. నాకైతే రోమనే నచ్చింది, పాత కట్టడాల కళ వస్తుంది. మీరేమంటారు?

ఒంగోలు నుంచి:
వద్దన్నా. 1988కే పదకొండు అక్షరాలు పడతాయి: ఎం, సి, ఎం, ఎల్, మూడు ఎక్స్‌లు, ఒక వి, చివర మూడు నిలువు గీతలు. తరగతి గదుల మీద చూసి పది దాకా అందరికీ వచ్చు. ఎల్, సి, ఎం దగ్గరికొచ్చేసరికి చాలామంది ఆగిపోతారు. పిల్లల్ని దించడానికి వచ్చే తల్లులు, తాతలు చదవలేని తేదీ ఎవరి కోసం? ఇంకో సంగతి, బంగారు రంగు రాలి చివరి గీత ఒకటి కనపడకపోతే అది 1987 అయిపోతుంది. చదివేవాళ్లకు అనుమానం కూడా రాదు. మామూలు అంకె చెరిగితే కనీసం ఖాళీ కనిపిస్తుంది.

కావలి నుంచి:
నెల ఒక్కటీ రోమన్‌లో వేయించండి. హంగేరీ, పోలండ్‌లలో ఆ అలవాటుంది. 5-8 అంటే మనకు ఆగస్టు 5, అమెరికాలో మే 8. నెల రోమన్‌లో ఉంటే ఆ తికమక ఉండదు.

చీమకుర్తి నుంచి:
15వ నెల ఉండదు కదన్నా, మాకా ఇబ్బంది రాదు.

నెల్లూరు నుంచి, రిటైర్డ్ టీచర్:
నాయనా, రోమన్లు మనలా ఒకటో తేదీ, రెండో తేదీ అని లెక్కపెట్టలేదు. నెలలో కొన్ని ప్రత్యేక రోజులు పెట్టుకుని, వాటిలో రాబోయే రోజు నుంచి వెనక్కి లెక్కించేవారు. నెల మొదటి రోజు అలాంటిదే. ఆగస్టు 15 వాళ్లకు సెప్టెంబరు ఒకటికి ముందు 18వ రోజు, రెండు కొసలూ కలుపుకుని. కాబట్టి 15-8ని రోమన్ అక్షరాల్లోకి మార్చినంత మాత్రాన ప్రాచీనత రాదు.

ప్రాచీనత కావాలంటే మన శాసనాలే ఉన్నాయి. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి 1905లో అచ్చు వేయించారు. అలాంటి శాసనాల్లో శక సంవత్సరం పక్కనే ప్రభవ, విభవ లాంటి పేరు, మాసం, తిథి కూడా తరచూ ఉంటాయి. రాయి అరిగి ఒక అంకె పోయినా ఆ పేరును బట్టి సంవత్సరం పట్టుకోవచ్చు, ఎందుకంటే అదే పేరు మళ్లీ రావాలంటే అరవై ఏళ్లు పడుతుంది. ఒకదానికొకటి సాక్ష్యం. రోమన్‌లో ఆ రక్షణ ఏదీ? మీరు ఇలా చెక్కించండి: 15 ఆగస్టు 1988, విభవ నామ సంవత్సరం, శ్రావణ మాసం.

చీమకుర్తి నుంచి:
విభవ మాట బాగుంది మాస్టారూ, గ్రూపులో పెడతాను. రోమన్ మీద మనసు ఇంకా పూర్తిగా పోలేదు గానీ, గీత రాలితే 1987 అవుతుందన్న మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఒంగోలు నుంచి:
ఏది వేయించినా ముందు అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీసి గేటు పక్క గోడకు అంటించండన్నా. రోడ్డు మీద నుంచి చదవగలిగాకే, చెక్కడానికి రాయి మీద అంటించే అక్షరాల స్టిక్కర్ కోయమనండి.